గొంతు నొప్పి, మెడలో బిళ్లలు, తగ్గని జ్వరం: పిల్లల్లో గ్లాండ్యులర్ ఫీవర్‌ని గుర్తుపట్టి చూసుకునే పద్ధతి

‘గొంతు నొప్పికి ఒక కోర్సు యాంటీబయాటిక్ వాడాం, తగ్గలేదని మందు మార్చారు, పది రోజులైంది. జ్వరం పోలేదు, పిల్ల మంచం దిగడం లేదు. ఏం చేయాలి?’ కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న నన్ను చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి అడుగుతారు. మా అమ్మాయికి పదిహేనో ఏట ఇదే వచ్చినప్పుడు నేనూ తడబడ్డాను. అప్పుడు చేసిన తప్పేమిటో కింద చెప్తాను.

గ్లాండ్యులర్ ఫీవర్ అసలు పేరు ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్. డాక్టర్లు ‘మోనో’ అంటారు. దాదాపు ఎప్పుడూ ఎప్‌స్టైన్-బార్ అనే వైరస్ వల్లే వస్తుంది. రిపోర్టుల్లో ‘ఈబీవీ’ అని కనిపించేది అదే. దీన్ని చంపే మందు లేదు, టీకా లేదు. పిల్లల ఒళ్లే దాన్ని అణచుకుంటుంది. ఆ నాలుగైదు వారాలూ దేన్ని కనిపెట్టి ఉండాలో, ఏది చేయకుండా ఉండాలో తెలుసుకోవడమే మన పని. నిజానికి చేయకూడని వాటితోనే ఎక్కువ చిక్కు.

1. అన్నిటికంటే ముందు ఇది: ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు

ఒక్క భాగం చదివే తీరికే ఉంటే ఇదే చదవండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

☐ ఊపిరి పీల్చేటప్పుడు గురగుర చప్పుడు, పడుకోలేక లేచి కూర్చోవడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం

☐ సొంత ఉమ్మి కూడా మింగలేక నోటి నుంచి కారిపోవడం

☐ నోరు తెరవలేకపోవడం, గొంతులో ఒక పక్కే భరించలేని నొప్పి (టాన్సిల్ పక్కన చీము పట్టి ఉండొచ్చు)

☐ పొట్టలో ఎడమ వైపు, పక్కటెముకల కింద హఠాత్తుగా నొప్పి, లేదా ఎడమ భుజం పైన నొప్పి

☐ కళ్లు తిరిగి పడిపోవడం, మొహం పాలిపోవడం, చల్లని చెమటలు

☐ 8 నుంచి 12 గంటలుగా మూత్రం రాకపోవడం

☐ మెడ బిగుసుకుపోవడం, విపరీతమైన తలనొప్పి, అయోమయం, మూర్ఛ, మొహం ఒక పక్కకు వంకరపోవడం, కాళ్లూ చేతుల్లో బలం తగ్గడం

☐ ఒంటి మీద నొక్కినా మాయం కాని ఎర్రటి, ఊదా రంగు చుక్కలు, చిగుళ్ల నుంచి లేదా ముక్కు నుంచి ఆగని రక్తం

ఎడమ భుజం నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జబ్బులో ప్లీహం (పొట్టలో ఎడమ వైపు, పక్కటెముకల కింద ఉండే అవయవం, స్ప్లీన్) వాస్తుంది. అరుదుగా అది చిట్లితే, కారిన రక్తం ఉదరవితానానికి (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింది నుంచి తగిలి, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. భుజానికి దెబ్బేమీ తగల్లేదు కదా అని కొట్టిపారేయకండి.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. పిల్లలకి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు నడుస్తుంటే, గతంలో అవయవ మార్పిడి జరిగి ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి వాళ్లని ఎప్పుడూ చూసే డాక్టర్‌కే ముందుగా చెప్పండి.

2. చేతికి అందేలా పెట్టుకోవలసినవి

☐ డిజిటల్ థర్మామీటర్

☐ చిన్న టార్చి

☐ ఎంఎల్ గీతలున్న కొలత సిరంజి (ఇంట్లో వాడే చెంచా కాదు)

☐ పిల్లల ఇప్పటి బరువు, కాగితం మీద రాసి

☐ ఒక నోటుపుస్తకం, ఒక క్యాలెండర్

☐ పిల్లలకంటూ విడిగా గ్లాసు, చెంచా, నీళ్ల సీసా

నోటుపుస్తకంలో రోజూ నాలుగు విషయాలు చాలు: ఏ వేళకి ఎంత జ్వరం, ఏ మందు ఎన్నింటికి ఎంత ఇచ్చారు, ఎంత తాగారు, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ‘బానే తాగుతోందండీ’ అనడం కంటే ఆ పేజీ చూపించడం మేలు.

క్యాలెండర్‌లో మాత్రం ఒకే ఒక్క గుర్తు పెట్టండి: నలత మొదలైన రోజు. జ్వరం చూసిన రోజు కాదు, తిండి సయించక, తలనొప్పి అంటూ ముడుచుకు పడుకున్న మొదటి రోజు. ఆటల విషయంలో లెక్కంతా ఆ తేదీ నుంచే.

3. వయసును బట్టి రూపం మారుతుంది

నాలుగైదేళ్ల లోపు పిల్లల్లో చాలాసార్లు ఇది వచ్చిందన్న సంగతే తెలియదు. మామూలు జలుబులా రెండు రోజులు కనిపించి పోతుంది. కొందరిలో ముక్కు కారడం, దగ్గు, ఒంటి మీద సన్నటి దద్దుర్లు, కాస్త ఉబ్బిన పొట్ట ఉంటాయి. పెద్దయ్యేసరికి నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఒంట్లో చేరే ఉంటుంది. వాళ్లలో ఎక్కువ మందికి అది ఎప్పుడు వచ్చిందో గుర్తే ఉండదు.

పన్నెండు, పదమూడేళ్లు దాటాక మొదటిసారి సోకితే మాత్రం జబ్బు పూర్తిగా బయటపడుతుంది. దాని నడక సాధారణంగా ఇలా ఉంటుంది:

మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు బరువు, తలనొప్పి, ఆకలి లేకపోవడం. తర్వాత జ్వరం, గొంతు నొప్పి, మెడలో బిళ్లలు. గొంతు నొప్పి మొదలయ్యాక 3 నుంచి 5 రోజుల మధ్య అది బాగా ముదిరి, 7 నుంచి 10 రోజులకి సడలుతుంది. జ్వరం వారం నుంచి రెండు వారాలు ఉండొచ్చు. మెడ బిళ్లలు మూడు నాలుగు వారాలకి కరుగుతాయి. నీరసం అన్నిటికంటే చివర పోతుంది.

ఈ కింది వాటిలో మూడు నాలుగు కలిసి కనిపిస్తే మోనోని అనుమానించండి:

☐ ఐదు రోజులు దాటినా తగ్గని జ్వరం, గొంతు నొప్పి

☐ జలుబు, దగ్గు పెద్దగా లేకపోవడం (పెద్ద పిల్లల్లో)

☐ మెడ వెనక వైపు కూడా బిళ్లలు

☐ పొద్దున లేచేసరికి పై కనురెప్పలు ఉబ్బి ఉండటం

☐ ముక్కుతో మాట్లాడుతున్నట్టు గొంతు మారడం, ఎప్పుడూ లేని గురక

☐ యాంటీబయాటిక్ వేసి మూడు రోజులైనా ఏ తేడా లేకపోవడం

చివరిది చాలా పనికొచ్చే ఆనవాలు. గొంతు నొప్పి స్ట్రెప్ అనే బాక్టీరియా వల్ల వచ్చినదైతే, సరైన యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో పిల్లలు తేరుకుంటారు. తేరుకోలేదంటే మందు మార్చమని కాదు, ‘ఇది వేరే ఏమైనా అయ్యుండొచ్చా?’ అని డాక్టర్‌ని అడగండి.

4. మెడ, గొంతు చూసే పద్ధతి

పిల్లల వెనక కూర్చోండి. తల కొద్దిగా ముందుకి వంచమనండి. మూడు వేళ్ల మెత్తటి భాగంతో, గోళ్లతో కాదు, చెవి వెనక నుంచి మొదలుపెట్టి మెడ పక్కగా ఉండే పెద్ద కండరం వెనక నుంచి కిందికి, కాలర్ ఎముక దాకా నెమ్మదిగా రండి. తర్వాత దవడ కింద చూడండి. రెండు వైపులా.

మామూలు గొంతు నొప్పిలో బిళ్లలు ఎక్కువగా దవడ కిందే, ముందు వైపే కడతాయి. మోనోలో మెడ వెనక కూడా వరసగా తగులుతాయి. రబ్బరు గోళీల్లా కొంచెం మెత్తగా, వేలి కింద అటూ ఇటూ కదులుతూ, నొక్కితే నొప్పిగా ఉంటాయి. మా అమ్మాయి జడ వేయించుకుంటూ దువ్వెన తగిలినప్పుడల్లా ‘అమ్మా, మెల్లగా’ అని మెడ పక్కకి తీసుకునేది. జుట్టు చిక్కు పడిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత వేళ్లు పెట్టి చూస్తే చెవి కింద నుంచి భుజం దాకా పూసల్లా వరసగా తగిలాయి.

ఇక గొంతు. వెలుతురులో నిలబెట్టి, టార్చి వేసి ‘ఆ’ అనమనండి. మూడు విషయాలు చూడాలి.

టాన్సిల్స్ ఎంత పెద్దవయ్యాయి? ఒకదానికొకటి తగిలేంత వాచాయా? వాటి మీద తెల్లగానో బూడిద రంగులోనో పూత ఉందా? అంగిట్లో, గట్టి భాగం మెత్తటి భాగం కలిసే చోట, సూది మొనతో పొడిచినట్టు చిన్న ఎర్ర చుక్కలున్నాయా?

చెంచా కాడతో నాలుక అణచి లోపలికి పొడవద్దు. టాన్సిల్స్ బాగా వాచి, ఊపిరికే ఇబ్బంది పడుతున్న పిల్లల గొంతులో అసలేమీ పెట్టొద్దు. ఆ పూతని గీకి చూడొద్దు. డిఫ్తీరియాలో కూడా బూడిద రంగు పొర కడుతుంది. టీకాలు పూర్తిగా పడని పిల్లలైతే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

పొట్ట మాత్రం మీరు చూడొద్దు. ప్లీహం వాచిందేమోనని ఇంట్లో తలా ఒకసారి నొక్కి చూడటం ప్రమాదం. ఆ పని డాక్టర్, ఒకసారి, జాగ్రత్తగా చేస్తారు.

5. డాక్టర్ దగ్గర: ఏ పరీక్ష ఏం చెబుతుంది

అందరికీ అన్ని పరీక్షలూ అక్కర్లేదు. లక్షణాలు స్పష్టంగా ఉండి పిల్లలు తేలిగ్గా ఉంటే కొందరు డాక్టర్లు పరీక్షలు లేకుండానే చెబుతారు. చేయిస్తే మాత్రం రిపోర్టు ఎలా చదవాలో తెలిసి ఉండటం మంచిది.

సీబీసీ (రక్తకణాల లెక్క): తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు సగానికి మించి, అందులో ‘ఎటిపికల్’ (రూపం మారినవి) అని రాసినవి 10 శాతం దాటితే మోనో వైపు మొగ్గు. ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గడం కూడా ఇందులో మామూలే.

మోనోస్పాట్: మోనో కోసం చేసే, తొందరగా తేలే రక్తపరీక్ష. కానీ దీనికో లోపముంది. మొదటి వారంలో జబ్బున్న నలుగురిలో ఒకరికి నెగటివ్ రావొచ్చు. నాలుగేళ్ల లోపు పిల్లల్లో దీన్ని దాదాపు నమ్మలేం. నెగటివ్ వచ్చింది కాబట్టి మోనో కాదని తేల్చేయొద్దు. వారం ఆగి మళ్లీ చేయించడమో, కింది పరీక్షకి వెళ్లడమో దారి.

ఈబీవీ యాంటీబాడీలు: ఈ వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే రక్షక పదార్థాల పరీక్ష. రిపోర్టులో మూడు వరసలుంటాయి: వీసీఏ ఐజీఎం, వీసీఏ ఐజీజీ, ఈబీఎన్ఏ. వీసీఏ ఐజీఎం పాజిటివ్‌గా ఉండి ఈబీఎన్ఏ నెగటివ్‌గా ఉంటే ఇప్పుడు కొత్తగా వచ్చిందని అర్థం. ఈబీఎన్ఏ పాజిటివ్, ఐజీఎం నెగటివ్ అయితే అది పాత సంగతి. ఇప్పటి జ్వరానికి వేరే కారణం వెతకాలి. ఈబీఎన్ఏ యాంటీబాడీలు జబ్బు మొదలైన 2 నుంచి 4 నెలలకి గానీ కనిపించవు. వీసీఏ ఐజీజీ మాత్రం జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. ఆ ఒక్క వరస చూసి కంగారుపడి వచ్చేవాళ్లు చాలామంది.

లివర్ పరీక్షలు: ఎంజైములు కొంచెం పెరగడం ఇందులో చాలామందికి ఉంటుంది. వారాల్లో సర్దుకుంటుంది. నిజంగా కామెర్లు తేలేది కొద్దిమందికే.

గొంతు స్వాబ్‌లో స్ట్రెప్ పాజిటివ్ వస్తే మోనో లేనట్టు కాదు. రెండూ కలిసి ఉండొచ్చు, లేదా స్ట్రెప్ ఊరికే గొంతులో తిష్ఠ వేసి ఉండొచ్చు.

డాక్టర్‌ని అడగాల్సినవి ఇవి:

☐ ప్లీహం చేతికి తగిలిందా?

☐ టాన్సిల్స్ వల్ల ఊపిరికి ఇబ్బంది అయ్యే అవకాశం ఉందా?

☐ మా బరువుకి జ్వరం మందు ఎన్ని మిల్లీగ్రాములు?

☐ ఆటలు, వ్యాయామం ఏ తేదీ దాకా ఆపాలి? బడికి ఉత్తరం రాసిస్తారా?

☐ మళ్లీ ఎప్పుడు చూపించాలి?

6. మొదటి రెండు వారాలు ఇంట్లో

జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్. కిలో బరువుకి ఒక్కసారికి 10 నుంచి 15 మి.గ్రా., 4 నుంచి 6 గంటల ఎడంతో, 24 గంటల్లో నాలుగు సార్లకి మించకుండా. పిల్లలు ఎంత బరువున్నా పెద్దల మోతాదు దాటకూడదు.

ఇక్కడ సీసా మీది అంకె చూడకపోతే మోసపోతాం. 20 కిలోల పిల్లాడికి 300 మి.గ్రా. ఇవ్వాలనుకోండి. 5 ఎంఎల్‌కి 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 ఎంఎల్ చాలు. 5 ఎంఎల్‌కి 120 మి.గ్రా. ఉండేదైతే 12.5 ఎంఎల్ కావాలి. ‘పోయినసారి రెండు మూతలు పోశాం’ అనే లెక్క కొత్త సీసాకి చెల్లదు. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. రెండూ ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది. అసలే వాచి ఉన్న లివర్ మీద ఆ భారం పడుతుంది.

పారాసెటమాల్‌తో నొప్పి ఆగకపోతే ఐబుప్రోఫెన్, కిలోకి 5 నుంచి 10 మి.గ్రా., 6 నుంచి 8 గంటల ఎడంతో, ఏదైనా తిన్నాక. వాంతులవుతున్నా, ఒంట్లో నీరు తగ్గినా, రిపోర్టులో ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నా డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వొద్దు. ఆస్పిరిన్ 16 ఏళ్ల లోపు ఎప్పుడూ వద్దు. వైరల్ జ్వరంలో అది రెయ్స్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన పరిస్థితికి దారితీయొచ్చు.

తాగించడం తిండి కంటే ముఖ్యం. రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోయినా పర్వాలేదు, తాగకపోతే పర్వాలేదనుకోలేం. గుటక వేస్తే నొప్పి కాబట్టి పిల్లలు గ్లాసు చూడగానే మొహం తిప్పుకుంటారు. దానికో వరస ఉంది:

ముందు నొప్పి మందు ఇవ్వండి. అరగంట, ముప్పావుగంట ఆగండి. గుటక తేలికయ్యే ఆ సమయంలోనే తాగించండి. గ్లాసెడు ఒక్కసారి కాకుండా, ఐదేసి నిమిషాలకి రెండు మూడు గుక్కలు. చల్లనివి చాలామందికి హాయిగా ఉంటాయి, కొందరికి గోరువెచ్చనివి. వాళ్లనే అడగండి. పుల్లటి పళ్లరసాలు, కారం, కరకరలాడేవి గొంతుని గీస్తాయి. ఐస్ ముక్కలు చప్పరించడం, ఉప్పునీళ్లతో పుక్కిలించడం పెద్ద పిల్లలకి మంచిది. పుక్కిలించడం రాని చిన్నపిల్లల చేత చేయించొద్దు, పొలమారుతుంది.

రాత్రి తల, వీపు ఎత్తుగా ఉండేలా దిండ్లు పెట్టండి. మొదటి వారం రోజులూ పెద్దవాళ్లెవరైనా అదే గదిలో పడుకోవాలి. గురక వింటూ ఉండాలి. మా ఇంట్లో ఆ వారం నేను కింద పరుపు వేసుకుని పడుకున్నాను. గురక నిలకడగా ఉన్నంతసేపూ పర్వాలేదు. మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందంటే మొదటి భాగంలో చెప్పిన సంగతే.

స్టిరాయిడ్ల గురించి చాలామంది అడుగుతారు. వాపుతో ఊపిరి దారి మూసుకుపోతుంటేనో, రక్తకణాలు దారుణంగా పడిపోతుంటేనో ఆసుపత్రిలో ఇస్తారు. గొంతు నొప్పి త్వరగా పోతుందని ఇంట్లో వాడేవి కావు. వైరస్‌ని అణిచే మాత్రలు కూడా మామూలు మోనోలో కోలుకునే సమయాన్ని తగ్గించవు.

7. అమాక్సిసిలిన్ తప్పు, దాని దద్దుర్లు

నేను చేసిన తప్పు ఇదే. టాన్సిల్స్ మీద తెల్లపూత చూసి, స్ట్రెప్ అనుకుని, ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. ఇన్నేళ్ల అనుభవం నన్ను ఆపలేదు. ఆరో రోజు పొద్దున అమ్మాయి చొక్కా పైకెత్తి చూపిస్తే, ఛాతీ నుంచి తొడల దాకా ఎర్రటి మచ్చలు, కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చేత్తో రాస్తే కాస్త ఎత్తుగా. ఒళ్లంతా దురద. ఇప్పటికే నిద్ర లేని పిల్లకి ఇంకో నాలుగు రోజులు నిద్ర లేకుండా చేశాను.

మోనో ఉన్న ఒంట్లో పెన్సిలిన్ జాతికి చెందిన అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ పడితే చాలామందికి ఇలా దద్దుర్లొస్తాయి. ఇవి ఎక్కువగా నిజమైన పెన్సిలిన్ అలర్జీ కావు. వస్తే ఇలా చేయండి:

☐ ఆ మందు ఆపి డాక్టర్‌కి చెప్పండి

☐ ఫొటో తీసి, మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, దద్దుర్లొచ్చిన తేదీ రాసి పెట్టుకోండి

☐ ‘ఈ పిల్లకి పెన్సిలిన్ పడదు’ అని జీవితాంతం ముద్ర పడకుండా, కోలుకున్నాక డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి

మందు వేసిన గంటలోపే పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా అది వేరు. అది నిజమైన అలర్జీ. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నిజంగా స్ట్రెప్ కూడా ఉందని తేలితే వేరే యాంటీబయాటిక్ ఎంచుకుంటారు. మోనో అనుమానం ఉందన్న మాట మాత్రం మీరు గుర్తుచేయండి.

8. ప్లీహం: మూడో వారమే అసలు పరీక్ష

ఈ జబ్బులో నాకు ఎక్కువ భయం కలిగించేది జ్వరం ఉన్న వారం కాదు, జ్వరం పోయిన వారం. పిల్లలు లేచి తిరుగుతుంటారు, ఆకలి వస్తుంది, స్నేహితులు బంతి పట్టుకుని గుమ్మం ముందు నిలబడతారు. లోపల ప్లీహం మాత్రం ఇంకా వాచి, పలచబడి ఉంటుంది.

మోనో వచ్చినవాళ్లలో సగం మందికి ప్లీహం వాస్తుంది. చిట్లడం చాలా అరుదు, వెయ్యి మందిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా. అదీ ఎక్కువగా మొదటి మూడు వారాల్లోనే. దెబ్బ తగలకుండా కూడా చిట్లిన సందర్భాలున్నాయి.

అందుకని క్యాలెండర్ తీయండి. నలత మొదలైన తేదీ నుంచి:

మొదటి 3 వారాలు: పరుగు, వ్యాయామం, ఈత, సైకిల్, బరువులెత్తడం ఏవీ వద్దు. ఇంట్లో మెల్లగా నడవచ్చు.

3 వారాలు దాటాక: జ్వరం లేదు, నీరసం లేదు, పొట్టలో నొప్పి లేదు అంటే నడక, తేలికపాటి వ్యాయామం నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు.

కనీసం 4 వారాలు నిండాక, డాక్టర్ చూసి సరేనన్నాకే: ఒకరినొకరు ఢీకొనే ఆటలు, కుస్తీ, కరాటే, జిమ్నాస్టిక్స్, జిమ్‌లో బరువులు. కొందరు డాక్టర్లు ఎనిమిది వారాలు ఆగమంటారు. వాళ్లు చెప్పినదే పాటించండి.

తల్లిదండ్రులు మరిచిపోయేవి ఇంట్లోనే ఉంటాయి. అన్నదమ్ముల కుస్తీలు, సోఫా మీద దూకడం, చంటివాడిని ఎత్తుకుని తిప్పడం, నీళ్ల బకెట్ మోయడం. చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకి కూడా కూర్చోబెట్టి చెప్పాలి: ‘అక్క పొట్ట మీద పడకూడదు, తేదీ వచ్చేదాకా.’ మలబద్ధకంతో గట్టిగా ముక్కే పరిస్థితి రాకుండా నీళ్లు తాగించండి.

స్కాన్ తీయించి సైజు చూస్తే సరిపోదా అని అడుగుతారు. ప్లీహం మామూలు సైజే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. జబ్బుకి ముందు ఎంతుందో తెలియకుండా ఇప్పటి కొలత ఒక్కటే చూసి భరోసా పడలేం. అందుకే అందరికీ స్కాన్ రాయరు.

9. ఎంగిలి, బడి, మిగతా ఇల్లు

ఈ వైరస్ ఎంగిలి ద్వారా పాకుతుంది. ఒకే సీసా నీళ్లు, కొరికిన తిండి, ఒకే చెంచా, పెదాలకి రాసుకునే బామ్, టూత్‌బ్రష్, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు, ముద్దు. సోకిన 4 నుంచి 6 వారాలకి గానీ లక్షణాలు రావు. కోలుకున్నాక కూడా నెలల తరబడి ఉమ్మిలో ఉంటుంది. ఆపైన జీవితాంతం నిద్రాణంగా ఒంట్లో ఉండి, అప్పుడప్పుడూ ఉమ్మిలోకి వస్తుంటుంది.

అందుకే వేరే గదిలో పెట్టి తలుపు వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్లకి చాలామందికి ఇది ఎప్పుడో వచ్చిపోయే ఉంటుంది. గ్లాసు, చెంచా, సీసా విడిగా ఉంచి, చేతులు కడుక్కుంటే చాలు. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకాస్త ఎడం పాటించండి.

బడికి ఎప్పుడు పంపాలి? ఇన్ని రోజులు ఆగాలనే నియమం లేదు. జ్వరం పోయి, తాగడం, తినడం కుదిరి, రెండు మూడు గంటలు కూర్చోగలిగితే పంపొచ్చు. వ్యాయామం పీరియడ్‌కి మాత్రం డాక్టర్ ఉత్తరం, తేదీతో సహా, ముందే ఇవ్వండి.

ఒక్క మాట. దీనికి ‘ముద్దుల జబ్బు’ అనే పేరు ప్రచారంలో ఉంది. టీనేజి పిల్లలు అది ఎక్కడో చదివి బెదిరిపోతారు. ‘ఎవరితో తిరిగావు, ఎవరి ఎంగిలి తాగావు’ అని దయచేసి నిలదీయకండి. నెల్లాళ్ల కింద ఏ సీసా నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నొప్పితో మాట రాని పిల్లని నేరస్థురాలిలా కూర్చోబెట్టడం వల్ల, రేపు పొట్టలో నొప్పి వచ్చినా మీకు చెప్పడం మానేస్తుంది.

10. మిగిలిపోయే నీరసం

చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో తేరుకుంటారు. కొందరికి నీరసం రెండు మూడు నెలలు లాగుతుంది. కౌమారంలో ఉన్న పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఆరు నెలల తర్వాత కూడా అలసట వదలదు. అది బద్ధకం కాదు, నటన కాదు.

మంచానికే అతుక్కుపోవడం మంచిది కాదు. ఒక్కసారిగా పాత దినచర్యలోకి దూకడం ఇంకా మంచిది కాదు. మేం వాడిన మెట్లు ఇవి:

మొదటి మెట్టు: పొద్దున ఒకే వేళకి లేవడం, స్నానం, ఇంట్లోనే తిరగడం. పగటి నిద్ర ఒక్కసారి, గంటకి మించకుండా.

రెండో మెట్టు: పది నిమిషాలు బయట నడక, అరగంట చదువు, విశ్రాంతి.

మూడో మెట్టు: సగం పూట బడి.

నాలుగో మెట్టు: పూర్తి బడి, ఆటలు లేకుండా.

ఐదో మెట్టు: 8వ భాగంలో చెప్పిన తేదీల ప్రకారం ఆటలు.

ఒక మెట్టు మీద మూడు రోజులు నిలకడగా ఉంటేనే తర్వాతి దానికి వెళ్లండి. ఆ పూట బాగానే ఉండి మర్నాడు కుదేలైతే ఒక మెట్టు దిగండి. ‘నేను చేయగలను’ అని పిల్లలు ఎంతన్నారో అందులో సగమే ముందు చేయించండి.

పరీక్షలు దగ్గరపడి ఉంటే చివరి వారం దాకా ఆగకుండా ఇప్పుడే బడితో మాట్లాడండి. ఏ పాఠాలు వదిలేయొచ్చో, గడువు ఎంత పెంచగలరో అడగండి. నీరసంతో పాటు ముభావంగా ఉండటం, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, ‘నా వల్ల కాదు’ అని ఏడవడం రెండు వారాలు దాటి సాగితే ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. టీనేజి పిల్లలకి మద్యం గురించి చెప్పడానికి మొహమాటపడొద్దు: లివర్ కోలుకునేదాకా ఒక్క చుక్క కూడా వద్దు.

11. నేను తరచూ చూసే పొరపాట్లు, వాటి సవరణ

*తగ్గలేదని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్.* వైరస్ మీద అవి పనిచేయవు. మూడో రోజుకి తేడా లేకపోతే సీబీసీ, మోనో పరీక్షల గురించి అడగండి.

*మోనోస్పాట్ నెగటివ్ రాగానే ఆటలకి పంపడం.* అనుమానం బలంగా ఉన్నంతవరకు మోనో ఉన్నట్టే జాగ్రత్తపడండి.

*జ్వరం పోయిన రోజు నుంచి వారాలు లెక్కపెట్టడం, లేదా రిపోర్టు వచ్చిన రోజు నుంచి.* నలత మొదలైన రోజు నుంచే లెక్క. ఆ రోజు గుర్తులేకపోతే, గుర్తున్నంతలో ఆలస్యమైన తేదీనే తీసుకోండి.

*బలం కోసమని నాటు మందులు, రకరకాల టానిక్కులు.* అన్నీ లివర్ గుండానే వెళ్లాలి. డాక్టర్‌కి చెప్పకుండా ఏదీ వేయొద్దు.

*బిళ్లలు తగ్గాయా అని రోజుకి పదిసార్లు నొక్కడం.* నొక్కితే నొప్పీ వాపూ పోవు. వారానికి ఒకసారి చూసి రాసుకుంటే సరిపోతుంది.

12. మళ్లీ ఎప్పుడు చూపించాలి

అత్యవసరం కాకపోయినా, ఇవి ఉంటే ‘మోనోయే కదా’ అని ఊరుకోకండి. ఇంకో జబ్బు మోనో వేషంలో ఉండొచ్చు, లేదా ఇదే దారి తప్పి ఉండొచ్చు.

☐ రెండు వారాలు దాటినా జ్వరం

☐ ఐదేళ్ల లోపు పిల్లల్లో ఐదు రోజులు మించిన జ్వరం, దాంతో పాటు ఎర్రటి కళ్లు, పగిలిన పెదాలు, వాచిన అరచేతులు (రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బు కావొచ్చు, ఆలస్యం చేయొద్దు)

☐ ఆరు వారాలైనా కరగని బిళ్లలు, రోజురోజుకీ పెరుగుతున్నవి, రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్నవి

☐ కాలర్ ఎముక పైన బిళ్ల, అది ఎంత చిన్నదైనా

☐ రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమట, కారణం లేకుండా బరువు తగ్గడం

☐ పాలిపోవడం, చిన్న తాకిడికే కమిలిన మచ్చలు

☐ మూడు నెలలు దాటినా బడికి వెళ్లలేనంత నీరసం

వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, పాత రిపోర్టులు, దద్దుర్ల ఫొటోలు తీసుకెళ్లండి. మొదటి రోజు తేదీ పై పేజీలో పెద్దగా రాసి ఉంచండి. డాక్టర్ మొదట అడిగేది అదే.